మూడో ప్రకటన

క్లఫ్టన్,
1 జూన్ 1954

హెప్సీకి,

నలభై ఆరేళ్ళ కిందట మన వంటింట్లో, అమ్మ పొయ్యిలోంచి రొట్టెలు తీస్తుండగా, నువ్వు నాకో మాట ఇచ్చావు. "చచ్చినా ఎవరికీ చెప్పను అన్నయ్యా" అన్నావు. మూడో ఆదివారానికల్లా నా పెళ్ళి సంగతి తెలియకూడనివాళ్ళకి తెలిసిపోయింది. ఆ తర్వాత నేను నీకు రాసినవి రెండే ఉత్తరాలు. అమ్మ పోయినప్పుడు ఒకటి, నా భార్య నెల్లీ పోయినప్పుడు ఒకటి. ఇది ప్రేమ పొంగి రాస్తున్నదనుకోకు. అవసరం పడింది.

నా మనవరాలు మేవిస్‌ని నువ్వు ఉయ్యాలలో చూసి ఉంటావు. యుద్ధంలో పోయిన మా ఫ్రాంక్ కూతురు. తల్లి మారుమనువు చేసుకుని ఆస్ట్రేలియా వెళ్ళిపోతే పిల్ల నా దగ్గరే పెరిగింది. పంతొమ్మిదేళ్ళు. రాడ్లీ మిల్లులో నాలుగు మగ్గాలు నడుపుతుంది. నోరు మన అమ్మది, మొండితనం నాది. ఈ పిల్లా, రాడ్లీ కొడుకు గైల్సూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నారు.

అవును, ఆ రాడ్లీలే. నేను చేసుకోబోయిన లవీనియాకి ఒక తమ్ముడుండేవాడు గుర్తుందా? తెల్ల మేజోళ్ళు తొడుక్కుని చాపెల్ మెట్ల మీద నిలబడి, మన మగ్గాలవాళ్ళ పిల్లలు పక్కనించి పోతుంటే ముక్కు మూసుకునేవాడు. విల్‌ఫ్రెడ్. ఇప్పుడు మిల్లు వాడిది. గైల్స్ వాడి కొడుకు.

పిల్లాడికి ఇరవై. సైన్యంలో రెండేళ్ళు చేసి ఈ నెలలోనే ఇంటికొస్తాడు. ఇరవై ఒకటి నిండనిదే తండ్రి అనుమతి లేకుండా పెళ్ళి కుదరదు. అవి నిండేది వచ్చే మార్చిలో. అందాకా ఆగుదామంటే జూలై 27న వాడిని ఓడెక్కించి అలెగ్జాండ్రియా పంపేస్తున్నారు, పత్తి కొనే కొఠీలో మూడేళ్ళు ఉండమని. "మూడేళ్ళలో ఆ పిల్ల మొహం మరిచిపోతావు" అన్నాడట తండ్రి. మరిచిపోవడమంటే ఏమిటో ఆ ఇంటివాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఒక సందు ఉంది. సర్కారు చర్చిలో మూడు ఆదివారాలు పెళ్ళి ప్రకటన చదివిస్తే, చదివిన సమయాన తండ్రి ఆ చర్చిలోనే లేచి "నేనొప్పుకోను" అని పైకి అనకపోతే, ఆ ప్రకటన చెల్లుతుంది. పెళ్ళీ చెల్లుతుంది. రాడ్లీలు చాపెల్ మనుషులు, వేరే శాఖవాళ్ళు, సర్కారు చర్చి గడప తొక్కరు. నీకిదంతా కొత్త కాదు. నేనూ ఒకసారి దూరబోయిన సందే ఇది. కాకపోతే ఈసారి మన ఊళ్ళో కాదు, నీ సముద్రం ఒడ్డున. ప్రకటన చదివే పేటలో పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ నివాసం ఉండాలి. గైల్స్ తన బస తను చూసుకుంటాడు. మేవిస్‌ని నీ లాడ్జిలో పనిమనిషిగా పెట్టుకో.

నువ్వు చెయ్యాల్సినవి రెండు పనులు. పిల్లకి గది ఇవ్వడం, నోరు మూసుకోవడం. మొదటిది నీకు చేతనవును.

ఈనాక్


మోర్‌కంబ్,
4 జూన్

అన్నయ్యా,

నీ ఉత్తరం అందింది. బావున్నావా అన్న మాట లేదు, మోకాళ్ళెలా ఉన్నాయన్న మాట లేదు. అది చదువుతుంటే నా మోకాళ్ళ నొప్పి కూడా నీకు జడిసి కాసేపు ఆగింది.

పిల్లని పంపు. పై అటక గది ఖాళీగా ఉంది. కిటికీలోంచి సముద్రం కనబడుతుంది, మెడ కొంచెం వంచాలి. పొద్దున్నే పక్కలు సర్దడం, పళ్ళేలు అందించడం తప్ప పెద్ద పని లేదు. ఒక్కటి మాత్రం సిగ్గుపడకుండా చెప్పు. ఎన్నో నెల? నేనేమీ అనుకోను. నా లాడ్జిలో పెళ్ళయిన ఐదు నెలలకే బారసాల చేసుకున్నవాళ్ళు ఎంతమందో! ముందే తెలిస్తే మెట్లెక్కే పని చెప్పను, అంతే.

ఇక నేను మాట తప్పానన్నావు. తప్పలేదు. ఆ సంగతి నా నోట ఒక్క శబ్దమై బయటికి రాలేదని బైబిలు మీద చెయ్యి వేసి చెప్తాను. ఈ ముక్క ముందే చెప్పేదాన్ని, నువ్వు అడిగితే కదా. నువ్వు అడగవు. తీర్పు చెప్పేస్తావు.

ఈ వారం ఇక్కడి హాల్లో ఒక సినిమా ఆడుతోంది. గని యజమాని కొడుకు, బట్టలుతికే పిల్ల. ఆఖర్న ఆ పిల్ల అతని మంచికోసం అతన్ని వదులుకుని రైలెక్కి వెళ్ళిపోతుంది. హాలంతా ముక్కులు చీదిన చప్పుడే. నేను రెండుసార్లు చూశాను. మీ ఊరు వస్తే వెళ్ళి చూడు, కాస్త మెత్తబడతావు.

నీ చెల్లెలు
హెప్సీ


క్లఫ్టన్,
10 జూన్

హెప్సీకి,

ఏ నెలా కాదు. నీ ఉత్తరం చదివి నేను కుర్చీలోంచి లేస్తే, మేవిస్ లాక్కుని చదివి పడీ పడీ నవ్వింది. "రాయి తాతా, జూన్ నెల అని రాయి" అంది. దానికి నీ పోలికలు వస్తాయేమోనని నాకు భయం పట్టుకుంది.

నీ సినిమా మా ఊరూ వచ్చింది. చూశాను. జీవితమంతా కార్మికుల లైబ్రరీలో అలమర వెంట అలమర చదువుకుంటూ వచ్చినవాడిని, అబద్ధం చెప్పడంలో ఎన్ని రకాలున్నాయో నాకు తెలుసు. ఇది అన్నిటికంటే చవకరకం. గని ఉంది గానీ ఎవడి గోళ్ళలోనూ బొగ్గు లేదు. పేదపిల్ల రాణిగారిలా మాట్లాడుతుంది. ఆఖర్న ఆ పిల్ల తనంతట తనే తప్పుకుంటుంది కాబట్టి యజమాని ఒక్క పాపమూ చెయ్యక్కర్లేదు. డబ్బున్నవాళ్ళు తీసే సినిమాల్లో పేదవాళ్ళకి ఎంత త్యాగబుద్ధో! మన ఊరి ఆడవాళ్ళు, పొద్దున్నించీ రాడ్లీ మగ్గాల దగ్గర నడుం విరుచుకున్నవాళ్ళు, అక్కడ కూర్చుని రాడ్లీ తరఫున ఏడ్చారు. నాకు ఒళ్ళు మండింది.

బయట వానలో మేవిస్‌ని అడిగాను. "నువ్వూ అలాగే రైలెక్కుతావా?"

"టికెట్టు కొన్నవాళ్ళ ఏడుపుకోసం నేనెవర్నీ వదులుకోను తాతా" అంది. "అయినా చూశావా, బట్టలుతికేదానికి చేతుల మీద ఒక్క పుండు లేదు."

గైల్స్ సెలవు మీద వచ్చినప్పుడు మా ఇంటికొచ్చాడు. వీధి తలుపు దగ్గరే నిలబెట్టి అడిగాను, "నీకేం పని వచ్చు?" అని.

"సైన్యంలో లారీ నడిపానండీ."

"అది పనే. మీ నాన్న ఇంట్లోంచి పొమ్మంటే?"

"లాంకాస్టర్లో రొట్టెల బండి నడిపేవాడు కావాలంటున్నారండీ. అడిగొచ్చాను."

కుర్చీ చూపించాను. నచ్చి కాదు. నిలబడి మాట్లాడితే నా మెడ నొప్పెడుతుంది.

వాడు విడుదలయ్యేది 19న. సైన్యం స్నేహితులతో కొండలెక్కడానికి పోతున్నానని తండ్రికి చెప్పి తిన్నగా మీ ఊరొస్తాడు. ఇసుకలో కుర్చీలు అద్దెకిచ్చే పని చూసుకున్నాడు. మేవిస్ సంరక్షకుడిగా నా అనుమతి కాగితం దానిచేతే పంపుతున్నాను.

"ఒక్క శబ్దమై" అని రాశావు. ఆ మాట నాకు గొంతులో ముల్లులా ఉంది.

ఈనాక్


మోర్‌కంబ్,
25 జూన్

అన్నయ్యా,

పిల్ల వచ్చింది. మొదటిరోజే నా వంటమనిషికి ఉడకబెట్టిన క్యాబేజీ గురించి ఉపన్యాసం ఇచ్చింది. నాకు నచ్చింది, వంటమనిషికి నచ్చలేదు.

గైల్స్‌ని ఇసుకలో చూశాను. చొక్కా చేతులు మడిచి, కుర్చీలు భుజానేసుకుని తిరుగుతున్నాడు. మొదటిరోజు కుర్చీ మడత విప్పడం రాక తన వేళ్ళే నలుపుకున్నాడట. ఒక ముసలమ్మ నేర్పిందట. మర్యాద తెలిసినవాడు. మరీ మర్యాద! నేను తేనీరు పోస్తే లేచి నిలబడ్డాడు. "కూర్చో నాయనా, నేను రాణిని కాదు" అంటే, "అలవాటండీ" అని మళ్ళీ నిలబడ్డాడు. మేవిస్ వెనకనించి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ కాపురం ఎలా ఉంటుందో నాకు అక్కడే అర్థమైంది.

పాదిరి పెన్‌హేల్ గారు చాలా మంచాయన. దక్షిణాది, చివరి కొసన కార్న్‌వాల్ నించి వచ్చాడు. మన మాట ఆయనకి సగం అర్థం కాదు, ఆయన మాట మనకి సగం అర్థం కాదు. ప్రకటన తేదీలు ఇచ్చేశాడు: జూలై 4, 11, 18. పెళ్ళి 24, శనివారం. ఓడ 27న. అన్నీ అతికినట్టు సరిపోయాయని నువ్వు మురిసిపోతూ ఉంటావు.

అన్నయ్యా, నీకు పుస్తకాలు ఎక్కువ, క్యాలెండరు తక్కువ. జూలై 17న క్లఫ్టన్ జాతర సెలవులు మొదలు! మిల్లులన్నీ మూత. ఊరికి ఊరు పెట్టెలు సర్దుకుని ఎక్కడికొస్తుంది? ఏటా ఎక్కడికొస్తోంది? నా లాడ్జిలో ప్రతి గదీ మన ఊరివాళ్ళకే ఇచ్చేశాను, పక్క లాడ్జీలూ అంతే. మూడో ప్రకటన నాటికి ఈ పేటలో మోర్‌కంబ్ వాళ్ళకంటే క్లఫ్టన్ వాళ్ళే ఎక్కువుంటారు. దాక్కోవడానికి భలే చోటు వెతికావు.

నీ చెల్లెలు
హెప్సీ


క్లఫ్టన్,
29 జూన్

హెప్సీకి,

జాతర సంగతి నేను మరిచిపోయాను. మగ్గం దిగి ఆరేళ్ళయింది. నాకు సెలవులూ లేవు, పనిదినాలూ లేవు, రోజులన్నీ ఒకటే. నువ్వు మరిచిపోలేదు. లాడ్జి నడిపేదానివి, నీకు ఏడాదంతా ఆ రెండు వారాల మీదే నడుస్తుంది. నేను మొదటి ఉత్తరం రాసిన రోజే నీకు తెలుసు. పిల్ల వచ్చి, పాదిరి తేదీలు రాసుకుని, వెనక్కి రాలేని చోటికి వచ్చాక ఇప్పుడు చెప్తున్నావు. ఎందుకో నేను అడగను. అడగడు, తీర్పు చెప్తాడు అన్నావుగా.

మేవిస్‌కి విడిగా రాశాను, వెనక్కి వచ్చేస్తావా అని. జవాబు ఒక కార్డు ముక్క మీద వచ్చింది: "రాను. మిగతా ఊరంతా సెలవులకి ఇక్కడికొస్తుంటే నేనెందుకు వెళ్ళాలి?"

కాబట్టి ఆగేది లేదు. మూడో ఆదివారం వెనక్కి జరిపితే ఓడ వెళ్ళిపోతుంది. ముందుకి జరిపే వీలు లేదు. జరగాల్సింది జరిపించాలి. పద్దెనిమిదో తేదీ పొద్దున మేవిస్‌ని, గైల్స్‌ని చర్చికి రానివ్వకు. నీ లాడ్జివాళ్ళని ఏ పడవ షికారుకో తోలెయ్యి. నువ్వు మాత్రం నోరు విప్పకు. శబ్దం చెయ్యకపోవడం చాలదు. పెదాలు కూడా కదపకు.

ఎందుకంటే ఇప్పుడు నాకు తట్టింది. మగ్గాల షెడ్డులో ఆ మోతకి ఎవడి గొంతూ ఎవడికీ వినబడదు. మనమంతా పెదాలతోనే మాట్లాడుకున్నాం, పెదాలే చదువుకున్నాం. పదిహేడేళ్ళ హెప్సీ "ఒక్క శబ్దమై" బయటపెట్టకుండానే ఎంత చెప్పగలదో నాకు తెలుసు.

ఎవరితో అన్నావు?

ఈనాక్


మోర్‌కంబ్,
12 జూలై

అన్నయ్యా,

రెండు ఆదివారాలు గట్టెక్కాయి. మొదటివారం యుద్ధంనాటి మాంసం రేషను ఎత్తేసిన రోజు. ఊరంతా గొడ్డుమాంసం వేపుడు వాసన, చర్చిలో ఎవరి ధ్యాసా ప్రకటన మీద లేదు. నిన్న వాన. పదిమంది కూడా రాలేదు.

నువ్వడిగావు కాబట్టి చెప్తున్నాను. ఏడాతో అన్నాను. నాకెదురుగా నాలుగు మగ్గాలు నడిపేది గుర్తుందా, ఎర్రజుట్టు ఏడా. మొదటి రెండు ప్రకటనలు అయ్యాయి, ఇంకొక్కటే ఉంది, రాడ్లీ కూతురు నాకు వదిన కాబోతోంది. ఆ సంతోషం నా ఒంట్లో ఇమడలేదు. మగ్గాల మీదుగా పెదాలతో ఏడాకి చెప్పాను. ఒక్క ఏడాకే. అది ఎవరికీ చెప్పలేదు. కానీ నడవ చివర మగ్గాల మేస్త్రీ జేబెజ్ క్రూక్ నిలబడి ఉన్నాడు. వాడు అంత దూరం నించీ చదవగలడని నాకు తెలీదు. శనివారం సాయంత్రం రాడ్లీగారి పెరటి గుమ్మం దగ్గర వాడి టోపీ చూసినవాళ్ళున్నారు. నెల తిరక్కుండా వాడు పెద్ద మేస్త్రీ అయ్యాడు.

పదిహేడేళ్ళ బుద్ధికి అది చెప్పడం కాదనిపించింది. నువ్వు నాతో మాట్లాడ్డం మానేశాక అది చెప్పడమేనని తెలిసింది. నేను ఊరొదిలి ఇక్కడికొచ్చి వేరేవాళ్ళ పక్కబట్టలు ఉతకడం మొదలెట్టింది అందుకే.

జాతర సంగతి నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావా? నీకు తెలుసనుకున్నాను. ఊరివాళ్ళ మధ్యే చదివించాలని కావాలనే పెట్టావనుకున్నాను. మా అన్నయ్య ఎంత ధైర్యస్తుడు అని ఆ రాత్రి కాస్త గర్వపడ్డాను కూడా. మరిచిపోయావని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

ఇప్పుడు విను. మనకి దాచడం చేతకాదు అన్నయ్యా. అప్పుడు ఓడిపోయింది దాచినందుకే. ఒక్క జేబెజ్‌కే తెలిసింది కాబట్టి వాడు అమ్ముకోగలిగాడు. ఊరందరికీ తెలిసినదాన్ని ఎవడు కొంటాడు? శనివారం మనవాళ్ళు రైలు దిగగానే నేనే చెప్తాను. అందరికీ. చర్చికి రండి అని పిలుస్తాను.

నీ చెల్లెలు
హెప్సీ


క్లఫ్టన్,
14 జూలై

హెప్సీ,

చెప్పకు. నీకు మతి పోయింది. ఊరందరికీ చెప్పడమంటే రాడ్లీకి చెప్పడమే. నలభై ఆరేళ్ళ తర్వాత కూడా నీకు మాట నిలుపుకోవడం అంటే ఏమిటో తెలియలేదు. ఈ పెళ్ళి చెడితే నీ మొహం నేను చూడను. నా శవం నువ్వు చూడక్కర్లేదు.

ఈనాక్


మోర్‌కంబ్,
19 జూలై

అన్నయ్యా,

నీ ఉత్తరం శుక్రవారమే వచ్చింది. ఏముంటుందో తెలుసు కాబట్టి ఇవాళ్టిదాకా విప్పలేదు. కూర్చుని చదువు, చెప్తాను.

శనివారం స్టేషన్లో నిలబడి దిగినవాళ్ళకి దిగినట్టే చెప్పాను. ఏడాకి మొదట. అది ఇప్పుడు నడుం వంగి, ఊపిరి కూడదీసుకుని మాట్లాడుతుంది. "ఈనాక్ మనవరాలా? మేవిసా?" అని, "ఈసారి గట్టిగా చెప్పవే, నాకు చూపు ఆనడంలేదు" అంది. నవ్వలేక చచ్చాం.

నువ్వన్నట్టే రాడ్లీకీ తెలిసింది. మిల్లు మేనేజరు పెళ్ళాం పెద్ద హోటల్లో దిగింది, అక్కణ్ణించి ఫోను చేసింది. ఆదివారం పొద్దున నల్ల కారు చర్చి ముందు ఆగింది. అప్పటికి లోపల సూది పెట్టే సందు లేదు. మన జనం జన్మలో సర్కారు చర్చి మొహం చూసినవాళ్ళు కాదు. ఎప్పుడు లేవాలో ఎప్పుడు మోకరించాలో తెలీక సగం లేస్తూ సగం కూర్చుంటూ గోధుమచేనులా ఊగారు. మేవిస్‌ని, గైల్స్‌ని నేను ఆపలేదు. ఆపినా ఆగేవాళ్ళు కాదు. నా పక్కనే, రెండో వరసలో కూర్చున్నారు.

రాడ్లీ నడవలోకొచ్చి ఒక బల్ల దగ్గర ఆగాడు. "ఇక్కడ ఖాళీయేనా?"

"మా ఆయన వస్తాడండీ" అంది మన ఊరి సేరా. దాని మొగుడు పోయి ఆరేళ్ళు.

పక్క బల్ల దగ్గర, "మా పిల్లల గొడుగులకండీ." ఇంకోచోట, "అయ్యగారూ, మీ స్థాయికి ఇక్కడ మేకులు పైకి లేచున్నాయండీ." ఎవరూ మర్యాద తప్పలేదు. ఎవరూ జరగలేదు. పాపం, వెనక తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

అప్పుడు నేను వెనక్కి తిరిగాను. నువ్వు పెదాలు కూడా కదపొద్దన్నావని గుర్తుంది. కదిపాను. ఒకే మాట. "దగ్గండి." నీకు తెలుసుగా మన షెడ్డులో కబురు ఎలా పాకుతుందో. ఒక్క చప్పుడు లేకుండా వరస నించి వరసకి వెళ్ళి గోడ దాకా చేరిపోయింది. రాడ్లీ అక్కడే ఉన్నాడు, మమ్మల్నే చూస్తున్నాడు. ఆయనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. షెడ్డులో ఎప్పుడైనా నిలబడితే కదా.

పాదిరిగారు చదవడం మొదలెట్టారు. గైల్స్ పేరు, మేవిస్ పేరు. "ఇది మూడోసారి అడగడం. అభ్యంతరం ఉన్నవారు చెప్పవలసింది" అన్నారు. రాడ్లీ నోరు తెరిచాడు. ఏడా మొదలెట్టింది. ఆ తర్వాత చర్చి మొత్తం.

అన్నయ్యా, అలాంటి దగ్గు నేనెప్పుడూ వినలేదు. మొదట అంతా నటనే. కానీ మన ఛాతీల్లో ఉన్నది నటన కాదుగా. పత్తి దుమ్ము ఒకసారి కదిలితే ఆగుతుందా? మగవాళ్ళు బల్లలు పట్టుకుని వంగిపోయారు. సేరా కళ్ళలో నీళ్ళు. ఏడా పెదాలు నీలంగా అయిపోతే నేను హడలిపోయాను. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. వెనక రాడ్లీ అరుస్తున్నాడు. మేమందరం వాడి పెదాలు చదివాం: "నేను తండ్రిని. ఒప్పుకోను. ఒప్పుకోను." చదవలేనివాడు ఆ చర్చిలో ఒక్కడే, పాదిరిగారు.

అప్పుడు గైల్స్ లేచాడు. ఎవరూ చెప్పలేదు. లేచి, వెనక్కి తిరిగి, తండ్రికి ఎదురుగా చేతులు కట్టుకోకుండా నిలబడ్డాడు. పాలిపోయాడు గానీ చూపు తిప్పలేదు. దగ్గు ఆగేదాకా అలాగే ఉన్నాడు.

పాదిరిగారు కళ్ళజోడు సర్దుకుని వెనక్కి చూశారు. "అయ్యో, ఆ తలుపు దగ్గరాయనకి మరీ ఎక్కువగా ఉన్నట్టుంది. ఎవరైనా కాసిని మంచినీళ్ళివ్వండి" అన్నారు. తర్వాత కీర్తన పాడించేశారు.

బయటికొచ్చాక గైల్స్ తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్ళాడు. మేమంతా చుట్టూ, ఆదివారం బట్టల్లో.

"పాదిరిగారు ఇంకా లోపలే ఉన్నారు నాన్నా. వెళ్ళి చెప్పండి. ఇప్పుడెవరూ దగ్గరు."

రాడ్లీ మా మొహాలు చూశాడు. వాడి షెడ్డు మొత్తం అక్కడుంది. "నీకు మిల్లులో చోటు లేదు" అన్నాడు.

"తెలుసు నాన్నా. ఓడ టికెట్టు వాపసు చేసెయ్యండి."

మేవిస్ ఊరుకుంటుందా? "అయ్యగారూ, సెలవులయ్యాక నా నాలుగు మగ్గాలూ ఇంకెవరికైనా ఇచ్చెయ్యండి. ఎడమ చివరిది దారం తెంపుతుంది, ముందే చెప్పండి, పాపం" అంది. రాడ్లీ దాన్ని ఎగాదిగా చూసి కారెక్కాడు. లోపలికి మాత్రం వెళ్ళలేదు.

ఏడాని గోడ మీద కూర్చోబెట్టి బ్రాందీ తాగించాం. ఊపిరి అందగానే అది అన్న మొదటి మాట: "ఇన్నేళ్ళు ఆయన దుమ్ము మింగాను. ఇవాళ కాస్త తిరిగిచ్చాను."

శనివారం పదకొండింటికి పెళ్ళి. అప్పగించడానికి నువ్వు కావాలి. ఇప్పుడైనా నా మీద కోపం పోయిందా? పోకపోతే పోనీ. పోయిందంటే మాత్రం, అంత కోపం ఊరికే పోయేది కాదు, ఇంకెవరి మీద పెడతావో చెప్పు.

నీ చెల్లెలు
హెప్సీ


క్లఫ్టన్,
21 జూలై

హెప్సీకి,

శుక్రవారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. స్టేషన్‌కి రావద్దు, నీ మోకాళ్ళు పాడవుతాయి. నా గది సముద్రం వైపు అక్కర్లేదు. మెట్లు తక్కువుంటే చాలు. నెల్లీ పెళ్ళినాటి ఉంగరం మేవిస్‌కి తెస్తున్నాను. గైల్స్ కొన్నది ఉంటే దాచుకోమను, రొట్టెల బండి పాడైనప్పుడు పనికొస్తుంది.

నీ ఉత్తరం చదువుతూ నేనూ దగ్గాను. ఇల్లంతా ఖాళీగా ఉంది. నవ్వుకి మొదలై ఛాతీలోకి దిగింది, చాలాసేపు ఆగలేదు. ప్రపంచ చరిత్ర పదహారు సంపుటాలు చదివాను. కోటలు పడగొట్టినవాళ్ళ గురించి, రాజుల తలలు తీసినవాళ్ళ గురించి చదివాను. యజమానిని వాడి దుమ్ముతోనే నోరు మూయించినవాళ్ళ గురించి ఎవడూ రాయలేదు. నువ్వు నా మాట విననందుకు సంతోషించానని రాస్తే నీకు మళ్ళీ పొగరు పట్టుకుంటుంది. అందుకని రాయను.

రాడ్లీల విషయంలో నేను న్యాయంగా ఉండదలుచుకోలేదు. అయినా ఒకటి చెప్పాలి. వాడు ఒక్క చీటీ ముక్క రాసి పాదిరి చేతిలో పెట్టి ఉంటే ఆయన పెళ్ళి చెయ్యడానికి వెనకాడేవాడు. పెట్టలేదు. సిగ్గుపడ్డాడో, మగ్గాలు ఖాళీ అవుతాయని జడిశాడో, కొడుకు చూపు తగిలిందో. నేను మెచ్చుకోను. చూశానని చెప్తున్నాను, అంతే.

గైల్స్ లేచి నిలబడ్డాడని రాశావు. ఆ వాక్యం దగ్గర కళ్ళజోడు తీసి చాలాసేపు పక్కన పెట్టాను.

నలభై ఆరేళ్ళ కిందట, నా మూడో ప్రకటన రోజు చర్చిలో ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. నువ్వు ఇంట్లో ఏడుస్తూ కూర్చున్నావు. ముసలి రాడ్లీ లేచి "నేను తండ్రిని, ఒప్పుకోను" అని అరిచాడు. ఒక్కడూ దగ్గలేదు. అప్పటి పాదిరి కంగారుపడి ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, మీరేమంటారు?" అన్నాడు. ఆమె మూడో వరసలో ఉంది. నేను ఆమె వెనక బల్ల మీద, ఆమె టోపీకి గుచ్చిన పిన్ను కనబడేంత దగ్గరలో ఉన్నాను. ఆమె తల వంచుకుని ఒళ్ళో ఉన్న చేతులవైపు చూసుకుంది. చాలాసేపు. తర్వాత లేచి తండ్రి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

నేను మర్నాడే లైబ్రరీకి వెళ్ళి చట్టం పుస్తకం తీయించాను. తండ్రి అభ్యంతరం ఇరవై ఒకటి నిండని పిల్లలకే. నిండితే ఆ తండ్రి గొంతు చిరిగేలా అరిచినా గాలికి పోతుంది. ఆమెకి ఆ ఫిబ్రవరిలో ఇరవై రెండు నిండాయి. చెల్లని మాట అది, హెప్సీ. ఆమె నోరు తెరిచి తన వయసు చెప్పి ఉంటే చాలు. ఏడా, జేబెజ్, నువ్వు, మీ పెదాలు, అన్నీ కలిసినా మా పెళ్ళిని ఆపగలిగేవి కావు.

పుస్తకం మూసి ఇంటికొచ్చాను. నువ్వు గుమ్మంలో ఎదురుపడ్డావు. ఎవర్నో ఒకర్ని తిట్టాలి. నువ్వు దగ్గరగా ఉన్నావు, నా చెల్లెలివి, తిడితే తిరిగి వస్తావనుకున్నాను. నువ్వు రాలేదు, మోర్‌కంబ్ వెళ్ళిపోయావు. నీకూ మొండితనం ఉందని అప్పుడు తెలీలేదు.

ఇరవై ఏళ్ళవాడు, చట్టం తన వైపు లేనివాడు, లేచి నిలబడగలిగాడు. ఇన్నాళ్ళూ నేను ఆమె తరఫున చెప్పుకుంటూ వచ్చినవన్నీ, ఆడపిల్ల, భయం, ఆ రోజులు వేరు, అన్నీ ఆ కుర్రాడి కాళ్ళ దగ్గర రాలిపోయాయి. నెల్లీ మంచి మనిషి. నెల్లీతో నా బతుకు మంచి బతుకే. ఇది దాని గురించి కాదు.

ఎవరి మీద పెడతావని అడిగావు. శనివారం పెళ్ళి బల్ల దగ్గర అడిగితే చెప్పను, పిల్లలు వింటారు. అందుకే ఇక్కడే రాస్తున్నాను. చదివి పొయ్యిలో పడెయ్యి. ఒక తలుపు తీసి ఉంచి, అది తీసే ఉందని తెలిసీ, చేతులు చూసుకుంటూ కూర్చున్న మనిషి మీద.

లవీనియా రాడ్లీ మీద.